రక్త పరీక్షలోని అంకె: సూచనే గాని రుజువు కాదు

న్యాయవిచారణకు సంబంధించిన ఫిఖ్‌హ్ అధ్యాయాలలో ‘ఖరీనా’, ‘బయ్యినా’ అనే రెండు మాటలు తరచుగా ఎదురవుతాయి. ఒక విషయం జరిగి ఉండవచ్చునని తెలిపే సూచన ఖరీనా. ఆ విషయాన్ని తేటతెల్లం చేసే రుజువు బయ్యినా. సూచన కనబడితే ఖాజీ దానిని తోసిపుచ్చడు, విచారణ మొదలుపెడతాడు. అయితే బలహీనమైన సూచన ఒక్కదానిని పట్టుకుని తీర్పు చెప్పడు. సూచన కనబడలేదు కనుక ఏమీ జరగలేదని కూడా ప్రకటించడు.

ఈ నెల ఈ భేదాన్ని స్త్రీల ఆరోగ్యానికి సంబంధించిన ఒక విషయంలో గుర్తు చేయవలసి వస్తోంది. రోగనిర్ధారణ కేంద్రాలు నేడు ‘ఫుల్ బాడీ చెకప్’ పేరిట, స్త్రీల ప్రత్యేక ప్యాకేజీల పేరిట ‘క్యాన్సర్ మార్కర్లు’ అనే రక్త పరీక్షలను కూడా చేర్చుతున్నాయి. గల్ఫ్ దేశాలలో ఉద్యోగం చేస్తున్న బిడ్డలు ఇక్కడ ఇంటి వద్ద ఉన్న తల్లి కోసం అక్కడి నుంచే డబ్బు కట్టి ఈ పరీక్షలు చేయిస్తున్నారు. వారి సంకల్పం మంచిదే. చిక్కల్లా రిపోర్టు ఫోనులోకి వచ్చాక మొదలవుతుంది. ఒక ఇంట్లో అంకె కాస్త ఎక్కువగా ఉందని రాత్రంతా ఏడుపులు. మరొక ఇంట్లో అంకె మామూలుగా ఉందని నిశ్చింత. ఈ రెండవ ఇల్లే మమ్మల్ని ఎక్కువగా కలవరపెడుతోంది. ఆ తల్లికి నెలసరి ఆగిపోయిన అయిదారేళ్ల తరువాత మళ్లీ రక్తపు మరకలు కనబడుతూ ఉండవచ్చు. ఆ మాట ఆమె ఎవరితోనూ చెప్పి ఉండకపోవచ్చు. రక్త పరీక్ష బాగుందన్న మాట విన్నాక ఇక చెప్పనే చెప్పదు.

మొదట వ్యాధి ఏమిటో తెలుసుకుందాం. గర్భాశయానికి లోపలి వైపున ఒక మెత్తని పొర ఉంటుంది. ప్రతి నెలా అది పెరిగి, గర్భం నిలవనప్పుడు రాలిపోతుంది. ఆ రాలిపోవడమే నెలసరి. వైద్యులు ఈ పొరను ఎండోమెట్రియం అంటారు. దానికి వచ్చేదే ఎండోమెట్రియల్ క్యాన్సర్. గర్భాశయ ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ వేరు. అది ప్రధానంగా హెచ్‌పీవీ అనే వైరస్ వల్ల వస్తుంది, దానికి టీకా ఉంది, ముందుగా గుర్తించే పాప్ పరీక్ష ఉంది. లోపలి పొర క్యాన్సర్‌కు టీకా లేదు. పాప్ పరీక్ష దానిని పట్టుకోవడానికి ఉద్దేశించినదీ కాదు. ప్రపంచంలో ఏటా 4 లక్షలకు పైగా స్త్రీలకు ఈ వ్యాధి కొత్తగా బయటపడుతోంది. వారిలో ఎక్కువమంది నెలసరి నిలిచిపోయిన వయసువారు.

ఈ పొరను పెంచేది ఈస్ట్రోజెన్ అనే హార్మోను. దానిని అదుపులో ఉంచేది ప్రొజెస్టెరాన్. నెలసరి నిలిచిపోయాక అండాశయాలు ఈ రెంటినీ దాదాపు తయారు చేయవు. కాని శరీరంలోని కొవ్వు మాత్రం ఇతర హార్మోన్లను ఈస్ట్రోజెన్‌గా మారుస్తూనే ఉంటుంది. అదుపు చేసేది లేదు, పెంచేది మాత్రం ఉంది. ఊబకాయం ఈ వ్యాధికి అంత పెద్ద కారణం కావడానికి మూలం ఇక్కడే ఉంది. మధుమేహం, పీసీఓఎస్, సంతానం కలగకపోవడం, నెలసరి చాలా ఆలస్యంగా నిలవడం, రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మాత్రలు కూడా ముప్పును పెంచుతాయి. కొన్ని కుటుంబాలలో లించ్ సిండ్రోమ్ అనే జన్యులోపం తరతరాలుగా వస్తుంది. ఆ ఇళ్లలో పెద్దప్రేగు క్యాన్సర్, గర్భాశయపు లోపలి పొర క్యాన్సర్ చిన్న వయసులోనే కనబడతాయి. కనుక నానీకి, ఖాలాకు, మామూకు ఏ జబ్బు వచ్చిందో తెలిసి ఉండటం, దానిని వైద్యురాలికి చెప్పడం ఎంతో అవసరం.

ఇక రక్తంలోని ప్రొటీన్ల సంగతి. వీటిలో అందరూ విన్న పేరు సీఏ-125. 1981లో అమెరికాలోని బోస్టన్ నగరంలో రాబర్ట్ బాస్ట్, ఆయన సహచరులు అండాశయ క్యాన్సర్ కణాలను గుర్తుపట్టే యాంటీబాడీల కోసం వెతుకుతూ దీనిని కనుగొన్నారు. పరీక్షిస్తూ పోయిన యాంటీబాడీల వరుసలో 125వది పనికివచ్చింది, ఆ సంఖ్యే పేరులో నిలిచిపోయింది. మిల్లీలీటరు రక్తంలో 35 యూనిట్ల లోపు ఉంటే సాధారణమని లెక్క. అయితే ఈ ప్రొటీన్ క్యాన్సర్‌కు మాత్రమే చెందినది కాదు. నెలసరి రోజులలో, గర్భిణులలో, ఎండోమెట్రియోసిస్ ఉన్నవారిలో, కాలేయ వ్యాధిలో, కటిభాగపు ఇన్ఫెక్షన్లలో కూడా పెరుగుతుంది. మన దేశంలో మరీ గుర్తుంచుకోవలసినది, పొట్టలో వచ్చే క్షయ వల్ల కూడా ఇది బాగా పెరుగుతుంది. దీనికి రెండవ వైపు కూడా ఉంది. లోపలి పొర క్యాన్సర్ గర్భాశయం దాటకుండా తొలి దశలో ఉన్నప్పుడు చాలామంది స్త్రీలలో సీఏ-125 సాధారణంగానే ఉంటుంది. వ్యాధి లేనివారిని భయపెట్టగలదు, ఉన్నవారికి అభయం ఇవ్వగలదు.

రెండవది హెచ్ఈ-4. 1991లో దీనిని మొదట గుర్తించింది పురుషుల శరీరంలోని ఒక భాగంలో. తరువాత అండాశయ, గర్భాశయ క్యాన్సర్లలో ఇది పెరుగుతున్నట్టు తేలింది. లోపలి పొర క్యాన్సర్ విషయంలో సీఏ-125 కంటే ఇది మెరుగైన సూచన అని పలు అధ్యయనాలు చూపాయి. క్యాన్సర్ గర్భాశయపు కండరంలోకి లోతుగా చొచ్చుకుపోయినప్పుడు దీని మోతాదు ఎక్కువగా ఉంటుంది. కాని దీనికీ లోపాలు ఉన్నాయి. వయసు పెరిగేకొద్దీ ఇది పెరుగుతుంది. మూత్రపిండాలు సరిగా పనిచేయనివారిలో మరింత పెరుగుతుంది. మధుమేహంతో మూత్రపిండాలు దెబ్బతిన్న తల్లులు మన ఇళ్లలో ఎందరున్నారో మనకు తెలుసు. వారి రిపోర్టులో ఈ అంకె ఎక్కువగా ఉంటే దాని భావం వేరు కావచ్చు.

మూడవది అడిపోనెక్టిన్. ఇది కొవ్వు కణాలు విడుదల చేసే ప్రొటీన్. విచిత్రమేమంటే శరీరంలో కొవ్వు పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది. ఇది తక్కువగా ఉన్న స్త్రీలలో ఈ క్యాన్సర్ ముప్పు ఎక్కువని అధ్యయనాలు తెలిపాయి. అయితే ఆసుపత్రులలో దీని ఆధారంగా ఎవరికీ చికిత్స నిర్ణయించరు. ఊబకాయం వ్యాధికి ఎలా దారితీస్తుందో అర్థం చేసుకోవడానికి పరిశోధకులకు ఇది ఉపకరిస్తోంది.

అలాగైతే ఈ పరీక్షలు దేనికీ పనికిరావా? పనికివస్తాయి, వాటి స్థానంలో. వ్యాధి ఉన్నట్టు రుజువైన తరువాత, శస్త్రచికిత్సకు ముందు, సీఏ-125 గాని హెచ్ఈ-4 గాని బాగా ఎక్కువగా ఉంటే వ్యాధి గర్భాశయాన్ని దాటి ఉండవచ్చునని వైద్యులు జాగ్రత్త పడతారు. స్కానింగులు, ఆపరేషన్ ఏర్పాట్లు దానికి తగినట్టు చేసుకుంటారు. మొదట అంకె ఎక్కువగా ఉన్నవారిలో చికిత్స తరువాత అది తగ్గుతున్నదా, మళ్లీ పెరుగుతున్నదా అని గమనిస్తారు. అంటే ముప్పు ఎంత అని తూచడానికి ఇవి సాయపడతాయి. జబ్బు ఉందా లేదా అని ఆరోగ్యవంతులను జల్లెడ పట్టడానికి మాత్రం ఏ రక్త పరీక్షా ఇంకా ఆమోదం పొందలేదు.

ఎందుకు పొందలేదో ఒక చిన్న లెక్కతో చూద్దాం. ఇది విషయం బోధపడటానికి మేము ఊహించి చెప్పే లెక్క. ఒక మంచి రక్త పరీక్ష ఉందనుకుందాం. వ్యాధి ఉన్న 100 మందిలో 90 మందిని పట్టుకుంటుంది, లేని 100 మందిలో 90 మందికి లేదనే చెబుతుంది. ఏ లక్షణమూ లేని 10,000 మంది స్త్రీలకు ఈ పరీక్ష చేశాం, వారిలో నిజంగా వ్యాధి ఉన్నవారు 10 మంది అనుకుందాం. పరీక్ష 9 మందిని పట్టుకుంటుంది, ఒకరిని వదిలేస్తుంది. మిగిలిన 9,990 మందిలో 999 మందికి లేని జబ్బు ఉందని చెబుతుంది. అంటే భయపడిన 1,008 మందిలో నిజంగా రోగులు 9 మంది. మిగిలిన 999 ఇళ్లలో నిద్ర లేని రాత్రులు, అనవసరపు స్కానింగులు, అప్పులు.

ఇప్పుడు అదే పరీక్షను నెలసరి నిలిచాక రక్తస్రావం కనబడిన 1,000 మందికి చేద్దాం. అలాంటి స్త్రీలలో సుమారు 9 శాతం మందికి ఈ క్యాన్సర్ ఉంటున్నట్టు అనేక అధ్యయనాలను కలిపి చూసినప్పుడు తేలింది. ఆ లెక్కన రోగులు 90 మంది. పరీక్ష 81 మందిని పట్టుకుంటుంది, లేని 910 మందిలో 91 మందిని భయపెడుతుంది. పరీక్ష అదే, కాని ఇప్పుడు దాని మాటకు విలువ ఎంతో పెరిగింది. ఆ విలువను పెంచింది ఆ స్త్రీ నోరు విప్పి చెప్పిన లక్షణం. అయినా 9 మంది రోగులకు పరీక్ష “ఏమీ లేదు” అని చెప్పి పంపింది. వారిలో మన అమ్మీ ఉండరాదన్నదే మా ఆందోళన.

అంకె ముందుగా కనబడినంత మాత్రాన ప్రాణం నిలుస్తుందని కూడా అనుకోరాదు. బ్రిటన్‌లో అండాశయ క్యాన్సర్ విషయంలో ఇది పెద్ద ఎత్తున పరీక్షకు వచ్చింది. 2001 నుంచి 2005 వరకు నెలసరి నిలిచిన 2,02,638 మంది స్త్రీలను చేర్చుకున్నారు. ఒక వర్గానికి ఏటా సీఏ-125 రక్త పరీక్ష, మరొక వర్గానికి ఏటా స్కానింగ్ చేశారు, మూడవ వర్గానికి ఏదీ చేయలేదు. లండన్‌లోని ప్రొఫెసర్ ఉషా మేనన్ బృందం 2021లో తుది ఫలితాలు ప్రకటించింది. రక్త పరీక్ష వల్ల తొలి దశ క్యాన్సర్లు కొన్ని ఎక్కువగా దొరికాయి, కాని ఆ జబ్బుతో మరణించినవారి సంఖ్య తగ్గలేదు. ఇంత శ్రమించి, ఇన్నేళ్లు వేచి, ఫలితం ఆశించినట్టు లేకపోయినా ఉన్నది ఉన్నట్టు చెప్పారు. విద్యలో అమానత్ అంటే ఇదే.

మరి రుజువు ఏది? లోపలి పొర క్యాన్సర్ విషయంలో బయ్యినా అంటే ఆ పొర నుంచి తీసిన చిన్న ముక్క, అంటే బయాప్సీ. నెలసరి నిలిచాక రక్తస్రావం అయినవారికి సాధారణంగా ముందు లోపలి నుంచి అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేసి పొర మందం చూస్తారు. అది 4 మిల్లీమీటర్లు గాని అంతకంటే తక్కువ గాని ఉంటే క్యాన్సర్ ఉండే అవకాశం చాలా తక్కువ. మందం ఎక్కువగా ఉన్నా, రక్తస్రావం మళ్లీ మళ్లీ వస్తున్నా సన్నని గొట్టం వంటి సాధనంతో ముక్క తీసి పరీక్షకు పంపుతారు. చాలామందికి మత్తు ఇవ్వకుండానే కొద్ది నిమిషాలలో ఇది పూర్తవుతుంది. నొప్పి కొంత ఉంటుంది, ఆ మాట దాచనక్కరలేదు.

ఇక్కడే స్త్రీలు వెనుకాడుతున్నారు. లోపలి పరీక్ష అంటే హయా అడ్డు వస్తుంది. సూదితో కాస్త రక్తం ఇచ్చి బయటపడదామని మనసు కోరుకుంటుంది. ఈ కోరికను మేము తక్కువ చేయము. శాస్త్రవేత్తలు కూడా దానిని తక్కువ చేయలేదు. ఇంగ్లండులోని మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్ ఎమ్మా క్రాస్బీ బృందం స్త్రీలకు బాధ, సంకోచం తగ్గించే పరీక్షల కోసమే ఏళ్ల తరబడి శ్రమిస్తోంది. మూత్రంలో, యోని స్రావంలో రాలిన కణాలను చూసి ఈ క్యాన్సర్‌ను గుర్తించవచ్చునని ఆ బృందం 2021లో ప్రచురించింది. ఒక్క ప్రొటీన్ చాలనప్పుడు రక్తంలోని అనేక ప్రొటీన్లను ఒకేసారి కొలిచి, వాటి కలయికలో వ్యాధి జాడను వెతికే ప్రయత్నాలు కూడా సాగుతున్నాయి. ఒక సాక్షి మాట చాలనప్పుడు పలువురు సాక్షులను కలిపి వినడం వంటిది ఇది. అల్లాహ్ తలిస్తే రేపు అటువంటి పరీక్ష మన ఊరి ఆసుపత్రికి కూడా రావచ్చు. కాని ఈ రోజు మరక చూసిన స్త్రీ రేపటి పరీక్ష కోసం వేచి ఉండరాదు.

హయా ఈమాన్‌లో భాగమని మనం పిల్లలకు నేర్పుతాం. ఆ హయా అర్థాన్ని మనకంటే బాగా ఎరిగినవారు సహాబియా మహిళలు. హజ్రత్ ఫాతిమా బిన్తె అబీ హుబైష్ (రజి) తనకు రక్తస్రావం ఆగడం లేదని, నమాజు మానవలెనా అని దైవప్రవక్త (స) వారినే నేరుగా అడిగారు. అది నెలసరి కాదని, ఒక నరం నుంచి వచ్చే రక్తమని ఆయన (స) వివరించారు. నెలసరి రోజులలో నమాజు మాని, అవి ముగిశాక శుభ్రపడి నమాజు చేసుకోవలెనని బోధించారు. హైజ్ వేరు, ఇస్తిహాజా వేరు అనే భేదానికి ఈ హదీసు ఒక ముఖ్య ఆధారం. ధర్మజ్ఞానం పొందడానికి సిగ్గు అడ్డు రాలేదని అన్సారీ స్త్రీలను హజ్రత్ ఆయిషా (రజి) మెచ్చుకున్నారు. దివ్యఖుర్‌ఆన్ కూడా నెలసరి గురించి అల్ బఖరా 222వ ఆయతులోను, నెలసరి ఆశ వీడిన స్త్రీల ఇద్దత్ గురించి అత్తలాఖ్ 4వ ఆయతులోను స్పష్టంగా ప్రస్తావించింది. మస్జిదులో పఠించే గ్రంథంలో ఉన్న మాటను ఇంటిలో బిడ్డతో చెప్పడానికి సిగ్గుపడవలసిన పని లేదు.

మన స్త్రీలకు ఒక విషయంలో అల్లాహ్ గొప్ప సదుపాయం కలిగించాడు. నమాజు, రోజాల కోసం ముస్లిం స్త్రీ తన రక్తపు రోజులను లెక్కిస్తూ వస్తుంది. ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ఆగింది, రంగు ఏమిటి అని గమనిస్తుంది. వైద్యురాలు అడిగే ప్రశ్నలు కూడా ఇవే. నెలసరి నిలిచి ఏడాది గడిచిన తరువాత ఒక్క చుక్క కనబడినా, లేత గోధుమరంగు మరకే అయినా, ఆమె కంటనే ముందు పడుతుంది. ఈ క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో నెలసరి నిలిచినవారిని చూస్తే 100 మందిలో సుమారు 90 మందికి అటువంటి రక్తస్రావం కనబడినట్టు అధ్యయనాలు చెబుతున్నాయి. ఏ ప్రయోగశాలా ఇంకా తయారు చేయలేని హెచ్చరిక అది. ఇంకా నెలసరి వస్తున్న స్త్రీలు కూడా రెండు నెలసరుల మధ్య రక్తం కనబడినా, స్రావం మునుపెన్నడూ లేనంతగా పెరిగినా, ముఖ్యంగా 45 ఏళ్లు దాటాక, ఉపేక్షించరాదు.

అయితే ఆమె ముందుగా వెళ్లేది ఎక్కడికి? తరచుగా మస్అలా అడగడానికే. “మా అమ్మీకి 58 ఏళ్లు, మళ్లీ రక్తం కనబడుతోంది, నమాజు చేయవచ్చునా?” అని కుమారుడో, అల్లుడో తటపటాయిస్తూ అడుగుతాడు. ఆ జవాబు వయసును, రంగును, రోజులను బట్టి ముఫ్తీ సాహెబ్ చెబుతారు. దానితో పాటు మరొక్క మాట చెప్పడం ఉలమాల బాధ్యత అని మేము భావిస్తున్నాము. “ఈ వారమే లేడీ డాక్టరుకు చూపించండి.” బాలికలకు తహారత్ అధ్యాయం బోధించే ఆలిమాలు కూడా ఈ వాక్యం చేర్చవలెను. ఆ బాలికలే రేపు తమ తల్లులకు చెబుతారు. మస్అలా జవాబు ఆమె నమాజును కాపాడుతుంది, ఆ ఒక్క మాట ఆమె ప్రాణాన్ని కాపాడవచ్చు.

పరీక్ష విషయంలో షరీఅత్ ఇరుకు పెట్టలేదు. దైవప్రవక్త (స) చికిత్స చేయించుకోమని ఆదేశించారు. స్త్రీకి స్త్రీ వైద్యురాలు దొరికితే ఆమె వద్దకే వెళ్లవలెను, నేడు చాలా పట్టణాలలో దొరుకుతున్నారు. దొరకనప్పుడు అవసరం మేరకు, అవసరమైన భాగం వరకు, తోడు ఎవరినైనా ఉంచుకుని పురుష వైద్యునికి చూపించడానికి ఫుఖహాలు అనుమతి ఇచ్చారు. పర్దా పేరిట చికిత్సను వాయిదా వేయడం పర్దాను గౌరవించడం కాదు.

ఇంటి మగవారితో ఒక మాట. తల్లి గాని భార్య గాని ఈ సంగతి చెప్పినప్పుడు “వయసులో మామూలే” అని అనకండి. రంజాన్ గడవనీ, అమ్మాయి నికాహ్ కానీ అని జరపకండి. అమెరికా లెక్కల ప్రకారం ఈ క్యాన్సర్ గర్భాశయంలోనే ఉండగా గుర్తించినవారిలో 5 సంవత్సరాల మనుగడ సుమారు 95 శాతం. దూర అవయవాలకు పాకిన తరువాత అది సుమారు 20 శాతానికి పడిపోతుంది. జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలోని స్త్రీల విభాగంలో మొదటి పరీక్షలు చేయించవచ్చు. క్యాన్సర్ అని తేలితే హైదరాబాద్‌లో ఎం.ఎన్.జె. ఆసుపత్రి, విశాఖపట్నంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. అర్హత గల కుటుంబాలకు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ క్రింద చికిత్సకు సాయం లభిస్తుంది.

దూరదేశంలో ఉన్న బిడ్డలకు కూడా ఇదే మా మనవి. అమ్మీకి ప్యాకేజీ బుక్ చేయడానికి ముందు ఆమెతో ఏకాంతంగా ఫోనులో మాట్లాడండి. కూతురైతే కూతురు, లేదా కోడలు అడగవచ్చు. “అమ్మీ, నెలసరి ఆగాక ఎప్పుడైనా రక్తం కనబడిందా?” ఆ ఒక్క ప్రశ్నకు రూపాయి ఖర్చు లేదు. అవునంటే రక్త పరీక్ష రిపోర్టు ఏమి చెప్పినా సరే, స్కానింగ్ చేయించండి, వైద్యురాలు చెబితే బయాప్సీ చేయించండి. రక్త పరీక్షలో అంకె ఎక్కువగా ఉందని మాత్రమే తెలిస్తే గాబరా పడకండి. ఆమెకు మూత్రపిండాల జబ్బు, క్షయ, ఇతర వ్యాధులు ఏమైనా ఉన్నాయేమో వైద్యురాలికి చెప్పి, ఆ అంకె అర్థాన్ని ఆమె నోటనే వినండి.

అల్లాహ్ మన తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఆరోగ్యాన్ని, ఆపదను చెప్పుకునే ధైర్యాన్ని, వినేవారికి దయగల మనసును ప్రసాదించుగాక. వ్యాధితో పోరాడుతున్నవారికి సంపూర్ణ స్వస్థత చేకూర్చుగాక. ఆమీన్.